ఎవలొద్దన్నరు?

అశోక్‌నగర్ గల్లీల్లో రేణుకను ఒకసారి గుమ్మంలో నిలబెట్టుకున్న ఇంటి యజమాని ఆమెను అంత తొందరగా మరిచిపోడు. ఆమె గొంతు పెంచదు. వేలు చూపదు. అడిగినదానికి జవాబు వచ్చేదాకా మెట్టు దిగదు, అంతే. ఆ అడిగేది కూడా ఎప్పుడూ ఒకటే మాట: "ఎవలొద్దన్నరు?"

ఆ మాట ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఇక్కడ గది నిరాకరించే పద్ధతి తెలియాలి. చిక్కడపల్లిలోనైనా, నారాయణగూడలోనైనా ఎవరూ "మీరు ముస్లింలు, మీకు ఇవ్వం" అని అనరు. అంత మోటుతనం ఈ పేటల్లో లేదు. ముందు పేరు అడుగుతారు. పేరు విన్నాక ముఖంలోకి కొంచెం విచారం తెచ్చుకుంటారు. "నాకేం పట్టింపు లేదమ్మా, కింద పోర్షన్ వాళ్ళు ఒప్పుకోరు" అంటారు. కింద పోర్షన్‌లో అడిగితే పై అంతస్తు పెద్దావిడకు మడి అంటారు. పై అంతస్తులో అడిగితే ఓనరుగారికే ఇష్టం లేదని విన్నామంటారు. ద్వేషం ఎప్పుడూ పక్కవాళ్ళ ఇంట్లోనే కాపురం ఉంటుంది. మనతో మాట్లాడుతున్న మనిషి మాత్రం దాని చిరునామా తెలిసిన పెద్దమనిషి.

ఈ మర్యాద రేణుకకు నగరం నేర్పింది కాదు. అచ్చంపేట దగ్గరి సొంతూళ్ళో ఆమె తండ్రి దుర్గయ్యకు చాయ్ హోటల్లో గ్లాసు వేరుగా ఉండేది. చూరు కింద బోర్లించి ఉన్న గ్లాసు తనే తీసుకోవాలి, తాగాలి, కడిగి మళ్ళీ అక్కడే బోర్లించాలి. ఒకనాడు తండ్రి వెంట వెళ్ళిన రేణుక, అది వేరే ఎందుకని హోటలాయనను అడిగింది. అతను నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు.

"నాదేముంది బిడ్డా, ఊరోళ్ళు ఊకోరు."

"ఊరోళ్ళంటే ఎవలు?"

బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా ఎవరి చాయ్‌లోకి వాళ్ళు చూసుకున్నారు. దుర్గయ్య బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. తిట్టలేదు. చాలా దూరం వచ్చాక, "గట్ల అడుగొద్దు బిడ్డా. ఎవడన్న లేసి నేనే అంటె మనమేం జేస్తం?" అన్నాడు.

రేణుక లా చదవడానికి కారణాలు అడిగినవాళ్ళకు ఆమె చాలా చెబుతుంది గాని, అసలు కారణం ఆ మాటకు జవాబు దొరకకపోవడమే. ఇప్పుడు ఆమె నారాయణగూడలో ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియరు. పొద్దంతా కోర్టు, సాయంత్రం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువు, ఉండేది అశోక్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టలు. మిగిలిన సమయం, అంటే నిజానికి ఎవరికీ మిగలని సమయం, ఆమె తన బ్యాచ్‌కు ఇస్తుంది.

ఆ బ్యాచ్‌కు పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు. రాంనగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివే నాగేందర్, ఇంకొందరు పిల్లలు, రేణుక కలిసి మొదలుపెట్టిన పని అది. మతం పేరు చెప్పి గదో, హాస్టల్లో మంచమో లేదన్నారని తెలిస్తే ఆ మనిషి వెంట ఇద్దరు ముగ్గురు వెళ్తారు. వాదించరు, రాజ్యాంగం చదివి వినిపించరు, ఫోన్లు తీసి వీడియో పట్టరు. వద్దన్నది ఎవరని అడుగుతారు. పేరు చెబితే నమస్కారం పెట్టి ఆ పేరుగలవారి తలుపు తడతారు. అక్కడ ఇంకో పేరు చెబితే ఇంకో తలుపు. అలా వద్దన్నవాడు దొరికేదాకా తిరుగుతారు. ఈ తిరుగుడు చూసి టీ కొట్ల దగ్గర కుర్రాళ్ళు "ఎవలంట బ్యాచ్" అని ఎగతాళి చేశారు. ఎగతాళి కాస్తా పేరై కూర్చుంది.

గాంధీనగర్‌లో ఒక క్రైస్తవ కుర్రాడికి గది ఇవ్వనన్న ఇంట్లో అలా తలుపు తరువాత తలుపు తట్టుకుంటూ పోతే, చిట్టచివరకు తేలిన అభ్యంతరదారు ఓనరు అత్తగారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. "అక్కా, ఇగ బన్సీలాల్‌పేట శ్మశానం పోయి అడుగుడే మిగిలింది" అన్నాడు నాగేందర్, ఓనరు వింటుండగానే. ఓనరుకు సిగ్గేసిందో, పిల్లలు నిజంగానే పోతారని భయమేసిందో, గది ఇచ్చాడు. ఇవ్వనివాళ్ళూ చాలామందే ఉన్నారు. కాని "నేను వద్దన్నాను" అని ఒప్పుకున్న మనిషి మాత్రం వాళ్ళకు ఇంతవరకూ దొరకలేదు. రేణుకకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. ఇంతమందిని వీధిలో నిలబెట్టిన నేరానికి ఒక్క ముద్దాయి కూడా లేడు.

ఈసారి ఆ నేరం ఆమె ఉంటున్న హాస్టల్లోనే జరిగింది.

గౌసియాది దేవరకొండ దగ్గరి పల్లె. తండ్రి పరుపులు కుడతాడు. గ్రూప్స్ ప్రిలిమ్స్ దాటి మెయిన్స్‌కు చదువుతోంది. ఆమెను ఈ హాస్టల్లో చేర్చింది రేణుకే. ముందుగా గదిలో ఉన్న ముగ్గురమ్మాయిలతో మాట్లాడి, అంతా సరిచూసుకుని మరీ చేర్చింది. ఏ పనైనా ముందు సరిచూసుకోవడం ఆమె అలవాటు. గౌసియా పక్క మంచం హారతిది. కాకినాడ పిల్ల, బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో కోడికూర. తినని వాళ్ళకు పనీరు. హారతి శాకాహారి. గౌసియా హలాల్ కానిది ముట్టదు. అందుకని ప్రతి ఆదివారం దేవరకొండ గౌసియా, కాకినాడ హారతి ఒకే లైన్లో నిలబడేవారు. ముందు ఎవరు దిగితే వాళ్ళు రెండు ప్లేట్లు పట్టుకుని రెండోవాళ్ళకు కూడా పెట్టించేవారు. చాలాసార్లు ముందు దిగేది గౌసియానే.

ఎక్కడో దూరాన ఏదో దాడి జరిగింది. వారం పాటు ఫోన్లన్నిట్లో అదే. ఆ వారం చివర హాస్టల్ మేనేజరు జగదీశ్వర్ గౌసియాను పిలిచి, ఆదివారం సాయంత్రానికి మంచం ఖాళీ చెయ్యమన్నాడు. మెయిన్స్ నెత్తి మీద ఉన్నాయి. అలాంటప్పుడు పుస్తకాల మూటతో గది వెతుక్కోవడమంటే, ఇన్నేళ్ళ చదువును నడిరోడ్డు మీద పెట్టడమే. సంగతి తెలిసి రేణుక కోర్టు నుంచి నేరుగా జగదీశ్వర్ దగ్గరికి వెళ్ళింది.

"ఏమైంది జగదీశ్వరన్నా?"

"ఏం గాలే రేణుకా. పిల్ల మంచిదే, నాకు చెల్లె లెక్క. గని బయట పరిస్థితి సూస్తున్నవ్ గద. రేపేమన్న అయితె నాకే పరేషాన్."

"బయట అయినదానికి ఈమె ఏం జేసింది?"

"ఏం జెయ్యలే. చేసిందని నేనన్ననా?"

"మరి ఎవలొద్దన్నరు?"

జగదీశ్వర్ తల గోక్కున్నాడు. ఆ ప్రశ్న పేటంతా తిరిగి ఏదో ఒకనాడు తన బల్ల దగ్గరికి వస్తుందని అతనికి తెలుసు. "గట్ల నన్నడిగితె ఎట్ల? బిల్డింగ్ నాదా? పెద్దసారు ఒప్పుకుంటలేడు. పోయి ఆయన్నే అడుగు."

పెద్దసారంటే కాశీవిశ్వనాథం గారు. ఆయన తండ్రి రాష్ట్రం కలిసిన కొత్తలో కోస్తా నుంచి సర్కారు కొలువు మీద వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. ఈయనా ఉద్యోగం చేసి రిటైరై అశోక్‌నగర్‌లో ఈ భవనం వేసి హాస్టలుకు ఇచ్చారు. రేణుక, గౌసియా, నాగేందర్ వెళ్ళేసరికి ఆయన పేపరు చదువుతున్నారు. సాదరంగా కూర్చోబెట్టి, లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు.

ట్రేలో రెండు స్టీలు గ్లాసులు, ఒక కాగితపు కప్పు వచ్చాయి. గ్లాసులు రేణుక ముందు, నాగేందర్ ముందు ఆగాయి. కప్పు గౌసియా ముందు ఆగింది.

"గ్లాసులు తోమడానికి పడ్డాయమ్మా, ఏమీ అనుకోకు" అన్నారాయన.

వంటింటి గూట్లో వరుసగా బోర్లించిన గ్లాసులు హాల్లోకి కనిపిస్తూనే ఉన్నాయి. రేణుక తన చేతిలోని గ్లాసు వైపు చూసింది. తండ్రికి ఊళ్ళో దక్కని గ్లాసు ఇది. తనకు దక్కింది, ఎందుకంటే ఈరోజు ఈ ఇంట్లో వేరు పెట్టడానికి ఇంకొకరు దొరికారు. ఆమె గ్లాసును బల్ల మీద పెట్టేసింది. గౌసియా మాత్రం కప్పు ఎత్తి నింపాదిగా తాగింది. "కాఫీ మంచిగుంది సార్" అంది.

"నాకేం పట్టింపు చెప్పండి" అన్నారు కాశీవిశ్వనాథం గారు. "ఆఫీసులో నా పక్క సీటు ఖాదర్‌ది. రిటైరయ్యేదాకా ఒకే బల్ల మీద భోంచేశాం."

"అయితే వద్దన్నది ఎవరు సార్?" అని అడిగింది రేణుక.

"పిల్లల తల్లిదండ్రులమ్మా. హారతి వాళ్ళమ్మ సుబ్బలక్ష్మి గారు కాకినాడ నుంచి ఫోన్ చేశారు. ఆడపిల్లల వ్యవహారం కదా, వాళ్ళ భయాలు వాళ్ళవి. కాదంటామా?"

"ఈమె గుడ ఆడపిల్లనే సార్" అన్నాడు నాగేందర్, గౌసియాను చూపిస్తూ. "ఈమెకు గుడ అమ్మ ఉంది. ఆమె భయం ఎవలికి ఫోన్ జెయ్యాలె?"

ఆయన పేపరు మడత సరిచేసుకున్నారు.

మెట్లు దిగుతూనే రేణుక కాకినాడకు ఫోన్ కలిపింది. సుబ్బలక్ష్మి గారు మొదట కంగారుపడ్డారు, తరువాత నొచ్చుకున్నారు. "పంపించెయ్యమని నేనెప్పుడన్నానమ్మా? మా పిల్ల కాస్త ఇబ్బందిగా ఉందంది, ఆ మాట ఆయన చెవిన వేశానంతే. అది సర్దుకుంటానంటే నాకేం?"

ఇక మిగిలింది ఒక్క తలుపు. అది గౌసియా రోజూ తీసి మూసే తలుపే.

హారతి మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. అవతలి మంచం మీద సింధూర చదువుకుంటోంది. రేణుక ఎదురుగా కూర్చుని, తల్లి చెప్పిందంతా చెప్పి, నువ్వేమన్నావని అడిగింది. గౌసియా గుమ్మంలోనే నిలబడింది. హారతి పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, చివరికి నోరు విప్పింది.

"పంపెయ్యమని నేననలేదక్కా. వార్తలు చూసి అమ్మ భయపడింది. రూములో ఎవరెవరున్నారని అడిగింది, చెప్పాను. నీకేం ఇబ్బంది లేదా అంది. లేదని చెబితే తప్పేమో అనిపించి, కొంచెం ఉందన్నాను."

"ఉందా మరి?"

"లేదు."

"లేనిది ఉందని ఎందుకన్నవ్?"

హారతి తలెత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి గాని మాటలో కొంచెం రోషం కూడా ఉంది. "మీరే కదక్కా మొదట అడిగింది. గౌసియా రాకముందు మా ముగ్గురినీ కూర్చోబెట్టి, 'ముస్లిం అమ్మాయి వస్తోంది, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి' అన్నారు. నేనొచ్చినప్పుడు ఎవరినీ అడగలేదు. సింధూర వచ్చినప్పుడు నన్నడగలేదు. అప్పటిదాకా నాకా ఆలోచనే లేదు. అంత పద్ధతిగా అడిగారంటే అభ్యంతరపడాల్సిందేదో ఉండే ఉంటుందనుకున్నాను."

ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగిన ప్రశ్న తిరిగి తిరిగి వచ్చి రేణుక ముందే నిలబడింది.

లా కాలేజీలో ఆమె ఒక చర్చలో మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంది. వేరే మతాలవాళ్ళు పెళ్ళి చేసుకోవాలంటే వాళ్ళ పేర్లు రిజిస్ట్రారు ఆఫీసు గోడకు అంటించి, అభ్యంతరాలుంటే చెప్పండని లోకాన్ని పిలుస్తారు కదా. అది అడగడం కాదు, అభ్యంతరాన్ని పురమాయించడం అని ఆనాడు ఆమె వాదన. అదే మనిషి, న్యాయంగా నడుచుకుంటున్నానన్న నమ్మకంతో, గౌసియా పేరు మీద ముగ్గురి ముందు అలాంటి నోటీసే పెట్టింది. కోర్టు వాసన తగిలినవాళ్ళకు తప్ప మామూలు మనిషికి ఇంత చక్కటి తప్పు చేయడం చేతకాదు.

తప్పు తనది, సరే. దాన్ని ఆమె దాటవేయలేదు. కాని దాంతో పాటే కోపం కూడా రెట్టింపయింది. తను అడిగింది ఒక ప్రశ్న. లేని ఇబ్బందిని ఉందన్నది హారతి. దాన్ని భయమని పేరు మార్చి యజమానికి చేరవేసింది తల్లి. ఆ భయానికి కాగితపు కప్పులో కాఫీ పోసి మర్యాద చేసింది పెద్దసారు. దానికి ఆదివారం సాయంత్రమని గడువు రాసింది జగదీశ్వర్. చేతులు మారిన ప్రతిచోటా ఆ వస్తువు బరువు పెరిగిందే తప్ప, ఇది నాకొద్దు అని ఒక్కరూ కింద పెట్టలేదు. తన తప్పు వాళ్ళకు మినహాయింపు ఎలా అవుతుంది?

ఆమె లేచింది. "అందర్ని కింద డైనింగ్ హాలుకు పిలుస్త. ఒక్కొక్కల్ని లేపి అడుగుత. అభ్యంతరం ఉన్నోళ్ళు ముఖం మీద చెప్పాలె."

"మళ్ళ అడుగుతవా అక్కా?" గుమ్మంలోంచి గౌసియా అంది. "నేనుండాల్నా పోవాల్నా అని ఇంకోసారి ఓట్లేపిస్తవా?"

రేణుక మళ్ళీ కూర్చుంది.

"అందర్ని అడుగుతరు. నన్నెవలన్న అడిగిన్రా, వీళ్ళతోటి ఉండనీకె నాకేమన్న అభ్యంతరముందా అని? నాకుండె. ఈ హారతి అలారం పెట్టుకుంటది. అది మోగుతనే ఉంటది, ఈమె లేవదు, హాస్టలంత లేస్తది. అయినా నేను మా అమ్మకు ఫోన్ జెయ్యలే."

సింధూర నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం పెట్టుకుంది. హారతి నవ్వలేదు.

ఆదివారం సాయంత్రం జగదీశ్వర్ వచ్చి డైనింగ్ హాల్లో కుర్చీ వేసుకున్నాడు. గౌసియా దిగివచ్చింది. చేతిలో పెట్టె లేదు, చదువుతున్న పేజీలో వేలు పెట్టి మూసిన పుస్తకం ఉంది. రేణుక ఆమె పక్కన నిలబడింది. భోజనానికి దిగిన అమ్మాయిలు ప్లేట్లు పట్టుకుని అక్కడక్కడే ఆగిపోయారు.

"అన్నా, ఇవ్వాళ నేను ఎవలొద్దన్నరని అడుగను" అంది రేణుక. "నువ్వు ఒక్క మాట చెప్పు, చాలు. గౌసియా ముస్లిం గనక నేను పంపుతున్న అను. సారు గాదు, అమ్మలు గాదు, పరిస్థితులు గాదు. నేను అని చెప్పు. చెప్పినంక ఆమె సామాను నేనే మోస్త."

మాట గట్టిగానే వచ్చింది గాని, ఎవడైనా లేచి నేనే అంటే ఏం చేస్తామన్న తండ్రి మాట చెవిలో ఉంది. దుకాణాల్లో, హోటళ్ళలో మతం పేరు చెప్పి మనిషిని ఆపరాదని రాజ్యాంగం పదిహేనో అధికరణంలో రాసి ఉంది. డబ్బు తీసుకుని మంచాలిచ్చే హాస్టలు ఆ మాట కిందికి వస్తుందని ఆమె వాదించగలదు. పిటిషను రాసి సిద్ధంగా ఉంచింది. కాని అది బెంచి మీదికి వచ్చేలోగా మెయిన్స్ అయిపోతాయి. ఈ మనిషి ఇప్పుడు 'నేనే' అంటే గౌసియా ఇవాళే రోడ్డు మీద ఉంటుంది. తన మంచం కూడా ఎంతోకాలం ఉండదు.

జగదీశ్వర్ చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు. "నేనెందుకంటనమ్మా గట్ల?"

"గడువు పెట్టింది నువ్వు."

"సారు పెట్టమన్నడు."

"అయితే ఫోన్ జెయ్యి. ఆయన్ని అనుమను. అందరం వింటం."

అతను ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, సంగతి నసుగుతూ చెప్పాడు. అవతలి నుంచి కాశీవిశ్వనాథం గారి గొంతు, ఎంతో గాయపడిన గొంతు, వచ్చింది. "నేనలా ఎందుకంటానయ్యా? మనం అలాంటివాళ్ళమా? ఏదో చూసుకోమన్నాను గాని... సర్లే, నన్నిందులోకి లాగకు." ఫోన్ పెట్టేశారు.

ఒక ఆడపిల్ల చదువును వీధిలో పడేయడానికి అంతమందికి అభ్యంతరం లేకపోయింది. ఆ పని చేస్తున్నది తామేనని చిన్న వాక్యం పలకడానికి మాత్రం ఒక్కరికీ నోరు రాలేదు.

జగదీశ్వర్ లేచి కుర్చీ గోడకు జరిపాడు. "ఉండనీ తీ. ఎవలన్న అడిగితె నాకు తెల్వదని చెప్త." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎవరో చప్పట్లు కొట్టబోయారు. రేణుక అటు చూసిన చూపుకు ఆగిపోయారు. గౌసియాకు మంచం మిగిల్చింది వీళ్ళ న్యాయబుద్ధి కాదు, పిరికితనం. ఆ పిరికితనం రేపు ఏ వార్త చూసో ధైర్యం తెచ్చుకోదన్న హామీ లేదు. పిటిషను ఆమె చింపలేదు, సంచిలోనే ఉంచుకుంది. మర్నాడు టీ కొట్టు దగ్గర బ్యాచ్‌ను కూర్చోబెట్టి జరిగిందంతా, తను చేసినదానితో సహా చెప్పింది. ఇకమీదట ఎవరినీ చేర్చేముందు అభ్యంతరమా అని అడగడం లేదని చెప్పింది. వచ్చే మనిషి పేరు చెప్తాం, సామాను దింపుతాం. "గంతే. ఇబ్బంది అయినోళ్ళు వాళ్ళంతట వాళ్ళే నోరు తెర్వాలె, మనం తెరిపియ్యొద్దు."

"మరి మన పేరో?" అన్నాడు నాగేందర్. "అడుగుడే బంద్ జేస్తె ఎవలంట బ్యాచ్ అని ఎట్లంటరు?"

"అడుగుడు బంద్ గాదు. వద్దన్నంక అడుగుతం. వద్దనమని అడగం."

తరువాతి ఆదివారం కోడికూర వాసన మెట్ల మీదికి రాకముందే గౌసియా దిగి పనీరు లైన్లో నిలబడింది. రేణుక కూర గిన్నె దగ్గరి నుంచి చూసింది. గౌసియా చేతిలో ఒక్కటే ప్లేటు ఉంది.

హారతి పరుగెత్తుకుంటూ వచ్చి అలవాటుగా ఆమె పక్కకు చేరింది. "గౌసియా, నా ప్లేటేది?"

గౌసియా వెనక్కి తిరిగి చూసింది. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. లైను చివర వైపు గడ్డంతో చూపించింది.

"పోయి నిలబడు హారతీ. ఎవలొద్దనరు."